వైవిధ్యం పాఠానికి సినిమా చూపిస్తే తరగతి మొత్తం ఒక్క పిల్లవాడి వైపు తిరిగింది

బడిగంట
ఏడో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. వైవిధ్యం మీద పాఠం పుస్తకంలో నాలుగు పేజీలే ఉంది. నిర్వచనాలు చదివించి ప్రశ్నలు రాయించి వదిలేయడం నాకు ఇష్టం లేదు. అందుకని ఈసారి ఒక సినిమా ఎంచుకున్నాను. వేరే దేశం నుంచి వలస వచ్చిన కుటుంబం, బడిలో ఆ ఇంటి పిల్లవాడి యాసను అందరూ వెక్కిరించడం, చివరికి వాడు పరుగు పందెం గెలవడం, అందరూ వాడిని భుజాల మీద మోయడం. అదీ కథ. పిల్లలు కదలకుండా చూశారు. ముగ్గురు నలుగురు కళ్లు తుడుచుకున్నారు. నేను అనుకున్నది జరిగిందని సంతోషించాను.

లైట్లు వేశాను. తరగతిలోని తలలన్నీ ఒకేసారి కిటికీ పక్క వరుసలో కూర్చున్న పిల్లవాడి వైపు తిరిగాయి. వాడు పోయిన ఏడాదే మా బడిలో చేరాడు. ఇంట్లో వేరే భాష మాట్లాడతారు. ముందు బెంచీలో అమ్మాయి నిజమైన జాలితోనే అడిగింది, “నిన్నూ ఇలాగే ఏడిపించారా?” అని. నేను అక్కడే ఆపి ఉండాల్సింది. ఆపకపోగా, “చెప్పు నాన్నా, మీ వాళ్ల గురించి అందరికీ చెప్పు” అన్నాను.

వాడు పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాడు. గంట కొట్టేదాకా చెక్కుతూనే ఉన్నాడు. బెంచీ మీద పొట్టు కుప్ప పడింది, పెన్సిలు బొటనవేలంత మిగిలింది. మర్నాడు వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు.

చరిత్ర, సినిమాలు, కార్టూన్లు పాఠంలోకి తేవడం మంచిదనే ఇప్పటికీ నమ్ముతున్నాను. మరి నాకు ఎక్కడ దారి తప్పింది? మీరు ఎలా చెబుతున్నారు?

మూడో_బెంచీ
తప్పు సినిమాది కాదండీ. లైట్లు వేశాక మీరు అన్న ఆ ఒక్క మాటది.

సుద్దముక్క
అంత తొందరగా సినిమాను వదిలేయకండి. పందెం గెలిచాక గదా వాడిని భుజాల మీద మోశారు? రెండో స్థానంలో వస్తే? అసలు పరుగెత్తడమే రాకపోతే? గొప్ప పని చేసి చూపిస్తేనే నువ్వు మాలో ఒకడివి అని చెప్పే కథ అది. పిల్లలకు అదే ఎక్కుతుంది. ఇలాంటి సినిమాలు డజన్ల కొద్దీ ఉన్నాయి, అన్నింటికీ ఒకటే ముగింపు.

ఇద్దరు_పిల్లల_అమ్మ
నేను టీచర్ను కాదు, తల్లిని. మా చిన్నదానికి తరగతిలో ఇలాగే జరిగింది. ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. వారం తర్వాత, “అమ్మా, మనం అందరికంటే వేరా?” అని అడిగింది. అంతకుముందు రోజు వరకూ దానికి ఆ అనుమానం లేదు. వాళ్ల టీచర్ మంచి మనసుతోనే చేసి ఉంటారు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ మంచి మనసు ఉంటే చాలదని ఆ రోజు అర్థమైంది. బడిగంట గారూ, మీరు వచ్చి ఇక్కడ అడిగారు. మాకు ఆ పని చేసిన వారు ఎవరూ లేరు.

పాత_పలక
ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న వాడిని. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

బడిగంట గారి పెన్సిలు సంగతి చదవగానే నాకు బొమ్మల పరీక్ష గుర్తొచ్చింది. 1940ల్లో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు, వాళ్లు భార్యాభర్తలు, చిన్న పిల్లల ముందు బొమ్మలు పెట్టారు. రంగు తప్ప మిగతాదంతా ఒకటే. ఏది మంచి బొమ్మ, ఏది చెడ్డ బొమ్మ, దేనితో ఆడుకుంటావు అని అడిగారు. నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది తెల్ల బొమ్మను మంచిదన్నారు. చివరి ప్రశ్న, “వీటిలో నీలా ఉన్నది ఏది?” కొంతమంది పిల్లలు ఆ ప్రశ్న దగ్గర ఏడ్చారు, గది వదిలి పరుగెత్తిన వాళ్లూ ఉన్నారు. బడుల్లో జాతుల వారీ విభజన చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. అంత గొప్ప పనికి పనికొచ్చిన ప్రశ్నే పిల్లవాడికి ఎంత బరువో చూడండి. మీరు తెలియక అదే ప్రశ్న నలుగురి ముందు అడిగారు.

ఇక చరిత్ర సంగతి. మనం ఒక్కొక్క మహానుభావుడిని తెచ్చి గోడకు తగిలిస్తాం. రోజా పార్క్స్ అంటే పని చేసి అలసిపోయి బస్సులో తెల్లవాళ్లకు సీటు వదలని నల్లజాతి ముసలావిడ అని చెబుతాం. 1955 డిసెంబరు 1న ఆవిడకు 42 ఏళ్లు. అప్పటికే ఏళ్ల తరబడి హక్కుల సంఘంలో కార్యదర్శిగా పని చేస్తున్న మనిషి. ఆవిడకు తొమ్మిది నెలల ముందు, మార్చి 2న, అదే మాంట్‌గోమరీ ఊళ్లో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల అమ్మాయి సీటు వదలనంది, అరెస్టయింది. బస్సుల్లో వేర్వేరు సీట్ల పద్ధతిని రద్దు చేయించిన కేసులో ఫిర్యాదుదారుల్లో ఆ అమ్మాయి ఒకరు. మరి ఆ పేరు చాలాకాలం పుస్తకాల్లో ఎందుకు లేదు? ఈ ఒక్క ప్రశ్న వేస్తే పీరియడంతా తరగతి మీ చేతుల్లో ఉంటుంది. ఎవరినీ లేపి నిలబెట్టనక్కర లేదు.

సుద్దముక్క
పాత పలక గారు చెప్పిన క్లాడెట్ కాల్విన్ సంగతి నేను తరగతిలో వాడాను. 15 ఏళ్లు అనగానే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. అది మాత్రం నిజం.

లెక్కలబడి
సాంఘిక శాస్త్రం వాళ్ల మధ్య లెక్కల మాస్టారు దూరుతున్నాడని అనుకోకండి. నేను ప్రపంచ పటంతో మొదలుపెడతాను. మర్కేటర్ 1569లో గీసిన పద్ధతి పటమే చాలా గోడల మీద ఉంటుంది. అందులో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా సుమారు 14 రెట్లు పెద్దది. పలచటి కాగితం మీద గ్రీన్‌లాండ్ ఆకారం గీయించి, కత్తిరించి, గ్లోబు మీద పెట్టి చూడమంటాను. పిల్లలు నోరు తెరుస్తారు. మర్కేటర్ ఎవరినీ చిన్నబుచ్చాలని గీయలేదు, నావికుడికి దిక్కు తప్పకుండా ఉండాలని గీశాడు. ఆ సంగతి కూడా చెప్పాలి. లేకపోతే పిల్లలు దుర్మార్గుడి కోసం వెతకడం మొదలుపెడతారు.

తర్వాత అంకెలు. సున్నాతో లెక్కలు ఎలా చేయాలో బ్రహ్మగుప్తుడు 628లో రాశాడు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ ఆ భారతీయ అంకెల గురించి రాశాడు. 1202లో ఇటలీవాడు ఫిబొనాచీ వాటి మీద పుస్తకం రాసి యూరప్‌లో ప్రచారం చేశాడు. ఆయన వాటిని ఉత్తర ఆఫ్రికాలో నేర్చుకున్నాడు. పిల్లవాడు నోటుబుక్కులో 10 వేసిన ప్రతిసారీ ఇన్ని దేశాల మనుషులు వాడి వేలు పట్టుకుని రాయిస్తున్నట్టే. ఇది చెబితే ఎవరూ ఎవరి వైపూ తిరిగి చూడరు. ఎవరి నోటుబుక్కు వాళ్లు చూసుకుంటారు.

మూడో_బెంచీ
లెక్కలబడి గారూ, మీలాంటి మాస్టారు నాకు దొరికి ఉంటే నాకు లెక్కల్లో ఇంకో పది మార్కులు వచ్చేవి.

లెక్కలబడి
ఇప్పుడైనా రండి, చివరి వరుసలో చోటుంది.

బడిగంట
పాత పలక గారూ, బొమ్మల పరీక్ష సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను అడిగింది అదే ప్రశ్న. సుద్దముక్క గారు పందెం గురించి అన్నదీ నిజమే, నాకు తట్టనే లేదు. కానీ ఒక సందేహం. ఆ పిల్లవాడి సంగతి అసలు ఎత్తకుండా, ఎక్కడో వేరే దేశం కథ, వేరే కాలం కథ చెబితే, మన తరగతిలో జరుగుతున్నది దాటవేసినట్టు కాదా?

తెలుగు_పంతులు
నాదీ అదే బాధ. పటాలూ అంకెలూ బాగున్నాయి, కానీ వాటితో ఎవరికీ నొప్పి తగలదు. వైవిధ్యం అంటే రంగురంగుల పూలదండ అని చెప్పి వదిలేస్తే అది అబద్ధం. దండలో ఏ పువ్వును పక్కన పారేశారో కూడా చెప్పాలి. అంబేడ్కర్ చిన్నప్పుడు బడికి గోనెపట్టా ఇంటి నుంచి తీసుకెళ్లి దాని మీద విడిగా కూర్చునేవారు. కుళాయిని తాకకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు, ప్యూను లేని రోజు దాహంతోనే ఉండాలి. ఇది ఆయనే రాసుకున్నారు. నేను చెప్పేటప్పుడు పెద్ద మాటలేవీ వాడను. గోనెపట్టా, కుళాయి, ప్యూను, ఈ మూడూ చాలు. “ఆ పట్టాను సాయంత్రం మళ్లీ ఇంటికి ఎందుకు తీసుకెళ్లాల్సి వచ్చింది?” అని అడుగుతాను. కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒకరు చెబుతారు, బడిలో దాన్ని ముట్టుకుని ఊడ్చేవాళ్లు కూడా లేరు కాబట్టి అని.

ఆ తర్వాత జాషువా ‘గబ్బిలం’. 1941. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉంది, కాబట్టి దానితోనే శివుడికి కబురు పంపుతాడు. మేఘుడిని దూతగా పంపిన పాత కావ్యం సంగతి ముందు చెప్పి, ఇక్కడ మేఘానికి బదులు గబ్బిలం ఎందుకు వచ్చిందో పిల్లలనే ఆలోచించమంటాను. ఎనిమిదో తరగతి వాళ్లు కూడా పట్టుకోగలరు.

నీలిసిరా
తెలుగు పంతులు గారి మాటతో ఏకీభవిస్తాను, ఒక్క చోట తప్ప. ఆ గదిలో అదే అవమానం ఇంట్లో విని పెరిగిన పిల్ల ఉంటుంది కదా. ఆ నిశ్శబ్దంలో ఆ పిల్ల తల ఎక్కడ పెట్టుకోవాలి? మీరు ఎవరినీ వేలెత్తి చూపకపోయినా పక్కవాళ్ల కళ్లు చూపిస్తాయి.

తెలుగు_పంతులు
ఆ ప్రశ్న నన్నూ వదలలేదు. అందుకే ఆ పాఠం ఆయన దాహంతో ఆపను. లండన్‌లో చదువు, అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువు, రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్ష పదవి, అన్నీ అదే పీరియడ్‌లో చెప్పేస్తాను. బాధతో ఒక రోజు, గెలుపుతో ఇంకో రోజు అని విడదీస్తే ఆ పిల్ల మొదటి రాత్రి బాధ ఒక్కటే ఇంటికి తీసుకెళుతుంది.

సుద్దముక్క
కానీ అది మళ్లీ పరుగు పందెమే కదండీ? గెలిచాడు కాబట్టి గౌరవం అని.

తెలుగు_పంతులు
ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆలోచిస్తాను.

చుక్కల_లిపి
నాకు పుట్టుక నుంచే చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే మీ చర్చ వింటున్నాను. పిల్లలకు సంగీతం నేర్పుతాను. సుద్దముక్క గారి పందెం మాట నాది కూడా. కథల్లో మాలాంటి వాళ్లు రెండే రకాలు. అయితే జాలిపడాల్సిన వాళ్లు, లేకపోతే అద్భుతాలు చేసేవాళ్లు. బస్సు కోసం విసుగ్గా ఎదురుచూసే అంధుడిని సినిమాలో ఎవరైనా చూశారా? నేను రోజూ అదే పని చేస్తాను.

లూయీ బ్రెయిలీ కథ చాలా బడుల్లో చెబుతారు. చిన్నప్పుడు కంటికి దెబ్బ, చీకటి, తర్వాత గొప్ప ఆవిష్కరణ, అంతే. నేను వేరేగా చెబుతాను. వేలితో తడిమి చదువుకునే పద్ధతి అని చార్లెస్ బార్బియే పన్నెండు చుక్కలతో ఒక రాత తెచ్చాడు. ఆయనకు చూపు ఉంది. వేలికొనకు పన్నెండు చుక్కలు ఒక్కసారిగా అందవని ఆయనకు తెలిసే అవకాశం లేదు. వేలితో చదివే కుర్రవాడికి తెలిసింది. 1824 నాటికి, 15 ఏళ్ల వయసులో, లూయీ దాన్ని ఆరు చుక్కలకు తెచ్చాడు. ఆయన చదివిన అంధుల బడిలో పిల్లలు దాన్ని ఇష్టంగా నేర్చుకున్నారు, కానీ బడి దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో, ఆయన పోయిన రెండేళ్లకు. కళ్లున్న పెద్దలకు ఆ రాత పనికిరానిదిగా తోచింది మరి.

ఇలా చెబితే పిల్లలు నన్ను చూసి జాలిపడరు. “ఆ పెద్దలు ఎందుకు వినలేదు?” అని కోపగించుకుంటారు. నాకు ఆ కోపం కావాలి.

ఇద్దరు_పిల్లల_అమ్మ
చుక్కల లిపి గారూ, ఇది మా పిల్లలకు ఈ రాత్రే చెబుతాను. పన్నెండు చుక్కలూ ఆరు చుక్కలూ కాగితం మీద సూదితో పొడిచి చూపించవచ్చు కదా?

చుక్కల_లిపి
తప్పకుండా. మందపాటి కాగితం తీసుకోండి, వెనక వైపు నుంచి పొడవండి. కళ్లు మూసుకుని వేలికొన కదపకుండా ఎన్ని చుక్కలున్నాయో చెప్పమనండి. పన్నెండు దగ్గర తడబడతారు.

వెన్నెల_దారి
కార్టూన్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఇది బడిగంట గారి సమస్యకు దగ్గరగా ఉంది.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. పదకొండు రోజుల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో హారియెట్ గ్లిక్‌మన్, బడిలో పాఠాలు చెప్పిన ఆవిడ, ముగ్గురు పిల్లల తల్లి, ‘పీనట్స్’ కార్టూన్ గీసే చార్లెస్ షుల్జ్‌కు ఉత్తరం రాసింది. మీ బొమ్మల పిల్లల్లో ఒక నల్లజాతి పిల్లవాడిని చేర్చండి అని. షుల్జ్ జవాబిచ్చాడు. చేర్చాలనే ఉంది, కానీ వాళ్లను ఉద్ధరిస్తున్నట్టు కనిపిస్తుందేమోనని భయం అన్నాడు. ఇక్కడే నాకు ఆవిడ నచ్చింది. తనే జవాబు చెప్పేయలేదు. నా నల్లజాతి స్నేహితులకు మీ ఉత్తరం చూపించవచ్చా అని అడిగింది. వాళ్లలో ఇద్దరు కొడుకుల తండ్రి ఒకాయన షుల్జ్‌కు స్వయంగా రాశాడు. ముందు గుంపులో ఒకడిగా వచ్చినా చాలు, మా పిల్లలు మామూలు రోజువారీ దృశ్యంలో తమను చూసుకోవాలి అని. ఆ ఏడాది జులై 31న ఫ్రాంక్లిన్ వచ్చాడు. సముద్రం ఒడ్డున ఆ కార్టూన్ కథల్లో ముఖ్యమైన పిల్లవాడు చార్లీ బ్రౌన్ పోగొట్టుకున్న బంతిని తెచ్చి ఇచ్చాడు. అంతే. ప్రసంగం లేదు, పందెం లేదు.

తర్వాత ఫ్రాంక్లిన్‌ను తెల్ల పిల్లలతో ఒకే తరగతి గదిలో గీసినప్పుడు, వాళ్లను బడిలో కలిపి చూపించవద్దని ఒక సంపాదకుడు రాశాడని షుల్జే చెప్పాడు. ఆయన పట్టించుకోలేదు.

బడిగంట గారూ, ఈ కథలో ఏ పిల్లవాడినీ ఎవరూ ప్రశ్నించలేదు. ప్రశ్నలన్నీ బొమ్మ గీసేవాడికి వెళ్లాయి. మీరు అడగాల్సిన చోటు అది.

నీలిసిరా
ఫ్రాంక్లిన్‌ను అంత నెత్తిన పెట్టుకోకండి. 1973లో అదే పిల్లల మీద వచ్చిన టీవీ కార్యక్రమంలో విందు దృశ్యం ఉంది. బల్లకు ఒక వైపు ఫ్రాంక్లిన్ ఒక్కడే కూర్చుంటాడు, మిగతా పిల్లలు ఎదుటి వైపూ చివర్లలోనూ. ఇన్నేళ్లయినా ఆ దృశ్యం మీద మాటలు ఆగలేదు. లోపలికి రానిచ్చాం కదా అనుకున్న తర్వాత కూడా కుర్చీ ఎక్కడ వేస్తున్నామో చూసుకోవాలి.

వెన్నెల_దారి
మీరు చెప్పింది నిజం, దాన్ని దాచనక్కర లేదు. 1968 బొమ్మా, 1973 దృశ్యమూ పక్కపక్కన పెట్టి చూపించాలి. మంచి చేసిన మనిషి కూడా ఇంకో చోట గమనించకపోవచ్చని పిల్లలకు తెలియాలి కదా.

పాత_పలక
వెన్నెల దారి గారి మాటకు ఒకటి కలుపుతాను. ‘హిడెన్ ఫిగర్స్’ సినిమా, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో పని చేసిన నల్లజాతి గణిత శాస్త్రవేత్తల కథ, 2016లో వచ్చింది, చాలామంది టీచర్లు చూపిస్తారు. అందులో నల్లజాతి స్త్రీలకు విడిగా పెట్టిన మరుగుదొడ్డి బోర్డును తెల్లవాడైన పై అధికారి స్వయంగా కొట్టి పడేస్తాడు. హాలంతా చప్పట్లు. అసలు ఆ అధికారి కల్పిత పాత్ర, ఆ సంఘటన జరగలేదు. గణిత శాస్త్రవేత్త కేథరిన్ జాన్సన్ ఆ విభజనను లెక్కచేయకుండా దగ్గరున్న మరుగుదొడ్డినే వాడుకునేవారు. నేను సినిమా చూపించి ఈ సంగతి చెప్పి, “కథలో చప్పట్లు ఎవరికి దక్కాయి? నిజంలో ఎవరికి దక్కాలి?” అని అడిగేవాడిని. సినిమా తప్పు చెప్పిన చోటే పాఠం బాగా పండుతుంది.

సుద్దముక్క
అమెరికాలోని అయోవాలో జేన్ ఎలియట్ అనే టీచర్ 1968లో చేసినది చేయవచ్చు కదా. కింగ్ హత్య జరిగిన మర్నాడే మూడో తరగతి పిల్లలను కంటి రంగును బట్టి రెండుగా విడదీసింది. ఒక రోజు నీలి కళ్ల వాళ్లు గొప్ప, ఇంకో రోజు గోధుమ రంగు కళ్ల వాళ్లు గొప్ప. గుర్తుకు పట్టీలు, ఆటల సమయంలో తేడాలు. పిల్లలు గంటల్లోనే మారిపోయారు. అంత బలంగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

మూడో_బెంచీ
వద్దు.

ఇద్దరు_పిల్లల_అమ్మ
నా పిల్లల మీద ఎవరైనా అది చేస్తే నేను బడి గేటు దగ్గరే ఉంటాను.

పాత_పలక
సుద్దముక్క గారూ, ఆ కథ చెప్పండి, ఆ పని చేయకండి. ఆవిడ ధైర్యం నేను కాదనను. కానీ అవతల ఉన్నది ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలు, ముందుగా ఎవరినీ అడగలేదు. పైగా అక్కడ పిల్లలందరూ తెల్లవాళ్లే. అవమానం అంటే ఏమిటో రోజూ తెలిసిన పిల్ల ఉన్న గదిలో దాన్ని ఆటగా మళ్లీ ఆడించడం వేరు. ఆ పిల్లకు ఆ రోజు కొత్తగా నేర్చుకునేది ఏముంటుంది?

సుద్దముక్క
చివరి మాటకు ఒప్పుకుంటున్నాను. నా తరగతి గుర్తు తెచ్చుకున్నాను. చేయను.

మూడో_బెంచీ
“వద్దు” అని ఒక్క మాట రాసి ఊరుకున్నాను, ఎందుకో చెప్పాలి. చిన్నప్పుడు నాకు నత్తి. ఆరో తరగతిలో ఒక టీచర్ నత్తిని జయించిన ఒక గొప్ప వక్త గురించి చెప్పి, నా వైపు చూసి నవ్వి, “మనవాడు కూడా అంతవాడు అవుతాడు” అన్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు. పాఠం ఏమిటో నాకు ఇప్పుడు గుర్తు లేదు. నా చెవులు వేడెక్కడం గుర్తుంది. పక్కవాడు మోచేత్తో పొడవడం గుర్తుంది. ఆ సంవత్సరమంతా నేను చేయి ఎత్తలేదు.

కానీ తెలుగు పంతులు గారు అన్నదీ నిజమే. నాకు మాట్లాడాలని లేకపోలేదు. నలుగురి ముందు కాదు, అంతే. మా లైబ్రరీ మాస్టారు ఒకసారి ఏమీ అడగకుండా ఒక కథల పుస్తకం చేతిలో పెట్టారు. అందులో పిల్లవాడికి నత్తి ఉంది, కానీ కథ దాని గురించి కాదు, తప్పిపోయిన కుక్కపిల్ల గురించి. తిరిగి ఇచ్చేటప్పుడు ఆయనతో పావుగంట మాట్లాడాను. బడిలో నేను మాట్లాడిన అతి పెద్ద సంభాషణ అదే.

నీలిసిరా
అమెరికాలో బాల సాహిత్యం మీద పని చేసిన రూడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసిన మాట ఇదే. పుస్తకం కొందరికి అద్దం, కొందరికి కిటికీ, ఒక్కోసారి తలుపు కూడా. మీ మాస్టారు మీకు అద్దం ఇచ్చి, మీరు అందులో చూసుకుంటున్నప్పుడు పక్కకు తప్పుకున్నారు. బడిగంట గారి సినిమా మిగతా పిల్లలకు కిటికీ అయింది, కానీ కిటికీకి అవతల ఆ పిల్లవాడే నిలబడ్డాడు.

బడిగంట
పది రోజుల తర్వాత వచ్చాను. మీరు రాసినవన్నీ రెండుసార్లు చదివాను.

ముందు ఆ పిల్లవాడితో మాట్లాడాను, వరండాలో, ఎవరూ లేనప్పుడు. “ఆ రోజు నిన్ను అందరి ముందు అడగకుండా ఉండాల్సింది, నాది తప్పు” అన్నాను. “పర్లేదు టీచర్” అన్నాడు, వెళ్లిపోయాడు. అంతకంటే లాగలేదు.

తర్వాత తరగతిలో రంగు పెన్సిళ్ల పెట్టె పెట్టాను. క్రేయాన్ల కంపెనీ ఒకటి గులాబీ ఛాయ ఉన్న ఒక రంగుకు ‘మాంసపు రంగు’ అని పేరు పెట్టి, 1962లో దాన్ని ‘పీచు పండు రంగు’ అని మార్చిందని చెప్పాను. “ఎందుకు మార్చి ఉంటారు?” అన్నాను. ఒకడు లేచి తన చేతి పక్కన గోధుమ రంగు పెన్సిలు పెట్టి చూసుకున్నాడు. పక్కవాడు ఇంకోటి. అయిదు నిమిషాల్లో అందరి చేతులూ బల్లల మీద ఉన్నాయి. ఏ ఇద్దరికీ ఒకే పెన్సిలు సరిపోలేదు. అప్పుడు ఫ్రాంక్లిన్ కథ చెప్పాను. వెన్నెల దారి గారూ, 1968 బొమ్మా 1973 దృశ్యమూ పక్కపక్కనే పెట్టాను. ఆ కుర్చీ సంగతి నేను చెప్పకముందే పిల్లలే పట్టుకున్నారు.

తర్వాత మా పాఠ్యపుస్తకాలన్నీ తెరిచి బొమ్మల్లో ఎవరున్నారో, ఎవరు లేరో చూడమన్నాను. నేను చర్మం రంగు, భాష, చక్రాల కుర్చీ గురించి ఆలోచిస్తుంటే ఒక అమ్మాయి, “టీచర్, కళ్లజోడు పెట్టుకున్న పిల్ల ఒక్కతీ లేదు. తాతలకే ఉంది కళ్లజోడు” అంది. ఆ అమ్మాయికి కళ్లజోడు ఉంది. నేను ఏనాడూ గమనించలేదు.

అప్పుడు చివరి వరుస నుంచి ఒక ప్రశ్న వచ్చింది. “ఆ టీచర్‌కు బొమ్మలాయన జవాబు రాయకపోయి ఉంటే ఏమి చేసేది?” అని. వాడే. నేను జవాబు చెప్పబోయి ఆగాను. ముందు బెంచీలో అమ్మాయి, మొన్న జాలిగా అడిగిన అమ్మాయే, “ఇంకో ఉత్తరం రాసేది” అంది. వాడు, “అందరూ తలా ఒకటి రాస్తే?” అన్నాడు.

ఇప్పుడు పాఠ్యపుస్తకాలు వేసే వాళ్లకు ఉత్తరం తయారవుతోంది. సగం పీరియడు దానికే పోతోంది.

వాడు ఇంకా చివరి వరుసలోనే కూర్చుంటున్నాడు. ముందుకు రమ్మని నేను అనలేదు.

చుక్కల_లిపి
అనకండి. ఆ అమ్మాయి కళ్లజోడు మాట నాకు చాలా నచ్చింది.

తెలుగు_పంతులు
సుద్దముక్క గారికి బాకీ ఉన్న జవాబు ఇప్పుడు దొరికింది. గోనెపట్టా కథలో ఇకమీదట ఆయన గెలుపు దగ్గర ఆగను. ఆ బడిలో పట్టా వేయించిన వాళ్లను, చూసి ఊరుకున్న వాళ్లను, కుళాయి దగ్గర నిలబడిన మిగతా పిల్లలను కూడా కథలోకి పిలుస్తాను. ఆ పిల్లల్లో ఒక్కరు కుళాయి తిప్పి ఉంటే అన్న ప్రశ్న ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు.

సుద్దముక్క
బాకీ తీరింది పంతులు గారూ.

లెక్కలబడి
బొమ్మలు లెక్కపెట్టించేటప్పుడు పట్టిక గీయించండి బడిగంట గారూ. అడ్డంగా పుస్తకాలు, నిలువుగా పిల్లలు ఎంచుకున్న అంశాలు. ఉత్తరంతో పాటు పట్టిక ఉంటే చదివేవాళ్లు తప్పించుకోలేరు.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఉత్తరం ఎప్పుడు పంపుతున్నారు? మా ఇంట్లో ఇద్దరూ అడుగుతున్నారు. మేమూ ఒకటి రాస్తాం.

బడిగంట
శుక్రవారం పోస్టులో వేస్తాం. పట్టిక గీయడం మొదలైంది. కళ్లజోడు వరుస పైన ఉండాలా, భాషల వరుస పైన ఉండాలా అన్న దగ్గర ప్రస్తుతం తగాదా నడుస్తోంది. నేను మధ్యలోకి వెళ్లడం లేదు.